లంబసింగి పక్కన ఎకరం బయలు ఉంది, అక్రోట్ వెయ్యమంటున్నారు... వెయ్యొచ్చా?

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 11

అందరికీ నమస్తే. మాది చింతపల్లి మండలం, లంబసింగికి కిందవైపు చిన్న ఊరు. నాన్న పేరు మీద అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన మూడెకరాల ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉంది, రెండెకరాలు కాఫీ, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం పాకించాం, అది బానే ఉంది. మిగతా ఎకరం బయలు, వలిసెలో రాజ్మానో వేస్తాం, రాజ్మాకి ఒక ఏడు రేటు ఉంటే ఇంకో ఏడు వాన ముంచేస్తది. మొన్న జీపులో ఒకాయన వచ్చాడు, మీది ఆంధ్రా కశ్మీర్ కదా అక్కడ పండేవన్నీ ఇక్కడా పండుతాయి అని ఫోన్‌లో వీడియోలు చూపించాడు, అక్రోట్ (వాల్‌నట్) అట, బ్లూబెర్రీ అట, ఇంకా ఏవో మందు మొక్కలట, పంటంతా కంపెనీయే కొనుక్కుంటదట. నేను ఆ ఊపులో 40 అక్రోట్ మొక్కలకి 6000 అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. మొక్కలు ఇంకో వారంలో తెస్తానన్నాడు. అక్రోట్ మా దగ్గర కాస్తదా కాయదా, తెలిసినోళ్లు ఉంటే చెప్పండి.

ఎర్రపళ్ల_సత్తి | ఆగస్టు 11

తమ్ముడూ ముందు ఆ మిగతా డబ్బు ఇవ్వకు. తర్వాత మాట్లాడుకుందాం.

పాత_పంతులు | ఆగస్టు 12

బాబూ, ఉద్యానశాఖలో చేసి రిటైరయ్యాను, మీ ఏజెన్సీలో కొన్నాళ్లు తిరిగినవాణ్ణే. చలి ఉందా లేదా అని కాదు చూడాల్సింది, ఎన్ని గంటల చలి ఉందీ అని. అక్రోట్, ఆపిల్, బాదం లాంటి చెట్లు చలికాలం ఆకు రాల్చి నిద్రపోతాయి, ఆ నిద్ర సరిపోతేనే వసంతంలో మొగ్గ సరిగ్గా విచ్చుకుంటుంది. దాన్ని గంటల్లో లెక్కేస్తారు, 7.2 డిగ్రీల లోపు ఎన్ని గంటలు గడిచిందో అన్నీ కూడడం. అక్రోట్‌కి రకాన్ని బట్టి 700 నుంచి 1000 గంటలు, కొన్నిటికి ఇంకా పైనే కావాలి. మీ లంబసింగిలో తెల్లారుజామున 2, 3 డిగ్రీలని పేపర్లో ఫొటో వేస్తారు, నిజమే, మంచు బిందువులు గడ్డకట్టిన రోజులూ ఉన్నాయి, కానీ పది పదకొండయ్యేసరికి ఎండ వచ్చి చొక్కా విప్పుకుంటారు. రాత్రికి ఓ అయిదు గంటలు 7 లోపు ఉందనుకుందాం, అలాంటి రాత్రులు ఓ 40 అనుకుందాం, ధారాళంగా లెక్కేసినా 200. పైగా మధ్యాహ్నం ఇరవై దాటిందంటే రాత్రి దాచుకున్న చలిలో కొంత చెట్టు మర్చిపోతుంది. 200 ఎక్కడ 700 ఎక్కడ. చెట్టు చావదు, ఆకులు వేస్తుంది, నీడ ఇస్తుంది, కాయలు మాత్రం అడక్కండి.

ఫౌజీ_సిక్కోలు | ఆగస్టు 12

జై హింద్ బ్రదర్. మాది శ్రీకాకుళం, నేను కిన్నౌర్‌లో రెండేళ్లు ఉన్నాను, హిమాచల్. పంతులుగారు చెప్పింది కరెక్ట్. అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా పగలు కూడా చలే, మంచు కప్పేసి ఉంటది, అప్పుడు అవుతాది చెట్టుకి నిద్ర. ఇంకో మాట, అక్కడోళ్లు అక్రోట్ మొక్క ఎప్పుడు నాటుతారో తెల్సా, జనవరి ఫిబ్రవరిలో, ఆకు లేకుండా నిద్రలో ఉన్నప్పుడు, మట్టి దులిపి వేళ్లతో అలాగే తెచ్చి పెడతారు. నీకు ఆగస్టులో పచ్చగా ఆకులతో కవర్లో తెచ్చిస్తానన్నాడంటేనే నాకు డౌటు.

అక్కడ చిల్గోజా అని ఒక పప్పు ఉంటది, పైన్ చెట్టు కాయల్లోంచి వచ్చేది, కిలో రేటు వింటే మతి పోతది. అది తోట వేసి పండించేది కాదు, అడవిలో ఉన్న చెట్లే, సెప్టెంబర్ అక్టోబర్‌లో ఊళ్లోళ్లు ఎక్కి కోస్తారు, ఏ ఊరి అడవి ఆ ఊరిదే. ఒకసారి నేను నాలుగు గింజలు ఇంటికి తెచ్చి కుండీలో వేశాను, మా అమ్మ రోజూ నీళ్లు పోసేది పాపం.

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 12

నాలుగు గింజలు ఏమయ్యాయి అన్నా?

ఫౌజీ_సిక్కోలు | ఆగస్టు 12

చీమలు తీసుకుపోయాయి.

గచ్చిబౌలి_రైతు | ఆగస్టు 13

హాయ్ ఆల్, థ్రెడ్ బావుంది, నేను ఐటీలో ఉన్నా, వీకెండ్ ఫార్మింగ్ ఇంట్రెస్ట్. లాస్ట్ డిసెంబర్ లంబసింగి వచ్చాం, స్ట్రాబెర్రీ తోటలో మా పాప చేత్తో కోసుకుని తినింది, అప్పట్నుంచి నాకూ అక్కడ ఓ ఐదెకరాలు తీసుకుని బ్లూబెర్రీ వెయ్యాలని ఉంది. కొనడం కుదరకపోతే 10 ఏళ్లు లీజ్ అయినా పర్లేదు. చిన్నోడు బ్రో మీ పక్కన ఎవరైనా ఇచ్చేవాళ్లు ఉన్నారా?

ఎర్రపళ్ల_సత్తి | ఆగస్టు 13

అన్నా ఏమనుకోకు, అది కుదరదు. మాది షెడ్యూల్డ్ ఏరియా, 1/70 చట్టం ఉంది, 1970 నుంచి గిరిజనేతరులకి ఇక్కడ భూమి బదలాయింపు చెల్లదు. అమ్మకమే కాదు లీజూ, తాకట్టూ, బహుమతీ అన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. నోటి మాట మీద, తెల్ల కాగితం మీద చేసుకున్నోళ్లు ఉంటారు, అదీ చెల్లదు, రేపు గొడవొస్తే నీ డబ్బూ పోద్ది, మావోడి భూమీ కోర్టులో పడద్ది. నువ్వు మా పళ్లు కొనుక్కో, పాపని తెచ్చుకో, ఈసారి పావుకిలో ఫ్రీగా పెడతా.

గచ్చిబౌలి_రైతు | ఆగస్టు 13

ఓహ్ ఇది తెలీదు, యూట్యూబ్‌లో ఎవరూ చెప్పలేదు. థాంక్స్ సత్తి గారు. మరి ఇంటి మేడ మీద బ్లూబెర్రీ అయితే ఎవరి పర్మిషన్ అక్కర్లేదుగా 🙂

యాష్‌విల్_వదిన | ఆగస్టు 14

నేను నార్త్ కరోలినా కొండల్లో ఉంటాను, బ్లూబెర్రీ మాకు పెరట్లో కాస్తుంది, అందుకే నోరు ఊరుకోక రాస్తున్నా. బ్లూబెర్రీకి చలి కంటే ముందు కావాల్సింది పుల్లటి మట్టి. పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి, అంతకంటే పైకి వెళ్తే మొక్క ఇనుము తీసుకోలేదు, ఆకు పచ్చదనం పోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగుల్తాయి. వేళ్లు సన్నగా దారాల్లా పైపైనే ఉంటాయి, లోతుకి పోవు, కాబట్టి నీరు నిలిచినా చస్తుంది, ఎండినా చస్తుంది. మేం పైన్ ఆకులూ చెక్కపొట్టూ మందంగా పరుస్తాం. చలి తక్కువ చోట వేసే రకాలు వేరే ఉన్నాయి, బిలాక్సీ అని, మిస్టీ అని, వాటికి 150 నుంచి 300 గంటలు చాలంటారు, అంటే చిన్నోడి ఊరు అంచున వస్తుందేమో. హైదరాబాద్ బోరు నీళ్లతో మేడ మీద మాత్రం కష్టం గచ్చిబౌలి తమ్ముడూ, ఆ నీళ్లలో సున్నం, రోజూ పోస్తుంటే మట్టి పీహెచ్ పైకి పోతూనే ఉంటుంది. వాన నీళ్లు పట్టుకుని పొయ్యాలి.

అక్రోట్ గురించి ఇంకో మాట. మా పెరటి గట్టున నల్ల అక్రోట్ చెట్టు ఒకటుంది, దాని వేళ్లు పారినంత మేర టమాటా వేస్తే పది రోజుల్లో వాడిపోతుంది, దాని వేళ్లలోంచి వచ్చే పదార్థం పక్క మొక్కలకి విషం. కశ్మీర్‌లో వేసేది వేరే జాతి, అంత పొగరు లేదట. నేనైతే రెండుసార్లు టమాటా పోగొట్టుకున్నాక బెండకాయ కూడా కుండీలోనే వేస్తున్నా.

కెరమెరి_పోరడు | ఆగస్టు 14

అన్నలూ నాది ఆసిఫాబాద్ జిల్లా. చలి గంటలు అంటున్నరు గదా, మా కెరమెరి మండలం ధనోరల ఒక రైతు ఆపిల్ వెట్టి 2020 ల కాయ తీసిండు, హైదరాబాద్ల ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థ సైంటిస్టులు వచ్చి చూసి సాయం జేసిన్రు. ఎండకాలం 45 కొట్టే జాగల ఆపిల్ అంటే ఎవరు నమ్మలే. ఆయన వెట్టింది హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే రకం, హిమాచల్ బిలాస్‌పూర్ల హరిమన్ శర్మ అనే రైతు తన పొలంలనే తయారు జేసిండు, మొన్న 2025 ల పద్మశ్రీ గూడ ఇచ్చిన్రు. గట్లనే తక్కువ చలి అక్రోట్ గూడ ఏదన్న ఉంటదేమో ఎందుకు లేదంటరు?

పాత_పంతులు | ఆగస్టు 14

మంచి ప్రశ్న. ఆపిల్‌లో అలాంటి రకాలు చాలా ఉన్నాయి, ఇజ్రాయెల్‌లో పుట్టిన ఆన్నా, బహమాస్‌లో దొరికిన డోర్సెట్ గోల్డెన్, ఇవి 200, 300 గంటల్లో కాస్తాయి. ఆన్నా ఒక్కటే వేస్తే కాపు పల్చగా ఉంటుంది, పుప్పొడికి పక్కన డోర్సెట్ ఉండాలి, ఇది చెప్పకుండా ఆన్నా ఒక్కటే అంటగట్టే నర్సరీలు ఉన్నాయి. చింతపల్లి, అరకు వైపు కూడా సీసీఎంబీ వాళ్లు ఆపిల్ మొక్కలు పెట్టించారు. అక్రోట్‌లో మన చలికి ఒదిగే రకం నేనైతే చూడలేదు. ఇంకో తేడా, ఆపిల్ అంటు మొక్క మూడేళ్లలో కాయ చూపిస్తుంది, తప్పో ఒప్పో మూడేళ్లలో తేలిపోతుంది. అక్రోట్ గింజ మొక్కయితే పదేళ్లు పన్నెండేళ్లు ఆగాలి, అప్పటికి అమ్మినవాడి ఫోను పనిచెయ్యదు.

ఓబులేసు_మదనపల్లె | ఆగస్టు 15

అన్నా మా హార్స్‌లీ కొండ మింద కూడా సల్లగుంటాది కదా, యాడా ఎవురూ బెర్రీలు ఏసినట్టు లేదే?

పాత_పంతులు | ఆగస్టు 15

హార్స్‌లీ కొండ 1260 మీటర్ల పైచిలుకు, లంబసింగి కంటే ఎత్తే, కానీ చల్లదనం వేరు, గడ్డకట్టే చలి వేరు. మీ కొండ చుట్టూ మెట్ట, వేడి గాలి. లంబసింగి చుట్టూ కొండలు, మధ్యలో బయలు, రాత్రి చల్లగాలి జారివచ్చి గిన్నెలో నీళ్లలా అక్కడ నిలిచిపోతుంది. ఆ ఊరి పాత పేరే కొర్రబయలు, బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతారని. అదే చింతపల్లి మండలంలో ఒక మలుపు కిందికి దిగితే రెండు డిగ్రీలు తేడా వస్తుంది. అందుకే చిన్నోడూ, నీ ఊరు లంబసింగి కాదు, లంబసింగి పక్క ఊరు, ఒక థర్మామీటర్ కొనుక్కుని నీ బయల్లోనే పెట్టు, పేపర్లో వచ్చే డిగ్రీలు నీవి కావు.

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 19

మొక్కలు దిగాయండి. నేను వద్దన్నా వినలేదు, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వను కావాలంటే 6000 కి సరిపడా 15 మొక్కలు తీసుకో అని దించేసి పోయాడు. నల్ల కవర్లలో ఉన్నాయి, మూరెడు ఎత్తు, పుల్లకి అటూ ఇటూ ఆకులు, ఒక్కో రెమ్మకి ఏడు దాకా. ఇవి అసలు అక్రోట్ ఏనా అని ఎలా తెలుసుకోవాలి?

ఫౌజీ_సిక్కోలు | ఆగస్టు 19

ఆకు నలిపి వాసన చూడు, అక్రోట్ ఆకు ఘాటుగా ఉంటది, చెయ్యి కడుక్కున్నా పోదు. ఇంకో గట్టి పరీక్ష ఉంది, కిన్నౌర్‌లో ఒక ముసలాయన చూపించాడు, ఒక పుల్ల కోసి నిలువునా చీల్చు, మధ్యలో బెండు నిచ్చెన మెట్లలా గదులు గదులుగా ఉంటే అక్రోటే.

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 19

చీల్చాను అన్నా. గదులున్నాయి!! వాసన కూడా ఉంది. అంటే మోసం కాదన్నమాట?

పాత_పంతులు | ఆగస్టు 20

అక్రోటే. అంటు ఉందా చూడు, కాండం మొదట్లో అతుకు, ఒక పక్కకి వంకర, మచ్చ.

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 20

లేదండి, తిన్నగా ఉంది.

పాత_పంతులు | ఆగస్టు 20

అయితే గింజ మొక్కలు. బజార్లో కిలో అక్రోట్ కొని తడి ఇసుకలో పెట్టి మొలకెత్తించినా ఇవే వస్తాయి, మొక్కకి 400 ఇచ్చావు. వాడు అబద్ధం చెప్పలేదు, చెప్పాల్సింది చెప్పలేదు, రెండోదే ఎక్కువ ఖరీదు.

ఎర్రపళ్ల_సత్తి | ఆగస్టు 21

సరే అయిందేదో అయింది, చిన్నోడూ నీ ఎకరం సంగతి మాట్లాడదాం. నేను మూడేళ్లుగా స్ట్రాబెర్రీ వేస్తున్నా, 30 సెంట్లతో మొదలెట్టి ఇప్పుడు ముప్పావెకరం. నీకు చలి గంటల గొడవ లేదు, ఎందుకంటే మొక్క అక్కడే, మహాబలేశ్వర్ దగ్గర నర్సరీల్లో తయారై వస్తది, మనం సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ లోపు నాటుకుని, నవంబర్ చివర నుంచి మార్చి దాకా పళ్లు కోసుకుని, తర్వాత పీకేయడమే. ఎకరానికి 22 వేల మొక్కలు పడతాయి, నీకు మొదటి ఏడు పది సెంట్లు చాలు, రెండు వేలు తెచ్చుకో. వింటర్ డాన్ ముందొస్తది, కామరోసా కాయ గట్టిది దూరం పోతది, స్వీట్ చార్లీ తియ్యగా ఉంటది కానీ మెత్తన, ఇక్కడికి వచ్చి తినేవాళ్లకి అది. ఎత్తు బెడ్లు, మీద మల్చింగ్ షీటు, కింద డ్రిప్పు, ఇవి మూడూ లేకపోతే వెయ్యకు, పండు మట్టికి తగిలిందా ఒక్క రాత్రిలో కుళ్లు.

మొదటి నెల వచ్చిన పువ్వు తుంచెయ్, మనసు ఒప్పదు, అయినా తుంచెయ్. పాకే తీగలు కూడా కోసెయ్యాలి, లేకపోతే బలమంతా వాటికే. మా దగ్గర అసలు శత్రువు చలి కాదు మంచు, తెల్లారి తొమ్మిదింటి దాకా ఆకు తడిగానే ఉంటది, బూడిద రంగు బూజు పట్టేస్తది, పట్టిన పండు చూడగానే ఏరి దూరంగా పాతిపెట్టాలి, గట్టు మీద పారెయ్యడం కాదు. ఫిబ్రవరి ఎండకి ఎర్రనల్లి మొదలవుద్ది, ఆకు వెనక చూడు.

ఇక అమ్మకం. ముప్పావు వంతు ఎరుపు వచ్చాక పొద్దున్నే తొడిమతో కొయ్యాలి, చేత్తో రెండుసార్లు తాకితే నలుపే. చల్లని పెట్టె లేకుండా రెండ్రోజులు మించి ఆగదు, విశాఖ పంపితే ఘాట్ రోడ్డులో అడుగు డబ్బాలు జ్యూసే. నేను సగం తోట దగ్గరే అమ్ముతా, శని ఆదివారాలు టూరిస్టులు, పోయినేడు పావుకిలో డబ్బా 100 కి పోయింది. సోమవారం వాన పడితే మాత్రం నువ్వూ మీ ఇంట్లోవాళ్లూ మూడు పూటలా స్ట్రాబెర్రీయే తినాలి.

చలికొండ_చిన్నోడు | ఆగస్టు 21

అన్నా పాకే తీగలు దాచి మళ్లీ ఏడు నాటుకోవచ్చు కదా, ప్రతి ఏడూ కొనడం ఎందుకు?

ఎర్రపళ్ల_సత్తి | ఆగస్టు 21

నేనూ అలాగే అనుకుని 600 దాచాను. మన జూలై ఆగస్టు వానకి మొదలు కుళ్లి 40 మిగిలాయి, ఆ 40 కూడా నా మీద జాలితో బతికినట్టు ఉన్నాయి.

మిరియాల_మేడమ్ | ఆగస్టు 22

నేను పాడేరు వైపు స్కూల్లో పనిచేస్తాను, మా వారిది కాఫీ తోట. మీరందరూ బయటి మొక్కల గురించే మాట్లాడుతున్నారు, మన కొండ మీద పప్పూ, బెర్రీ, మందు మొక్కా మూడూ ఇప్పటికే ఉన్నాయి కదా, చిన్నోడి అమ్మగారిని అడిగినా చెప్తారు. పప్పంటే సారపప్పు. ఏప్రిల్ మే నెలల్లో నల్లని పళ్లు, పిల్లలు పైన గుజ్జు తినేసి గింజ ఉమ్మేస్తారు, ఆ గింజ పగలగొడితే వచ్చే పప్పే స్వీట్ షాపుల్లో జీడిపప్పుతో పోటీ రేటు. చెట్టెక్కడం బద్ధకమై కొమ్మలకి కొమ్మలే నరికేస్తున్నారు, అందుకే మా చిన్నప్పటికి ఇప్పటికి చెట్లు సగం లేవు. గట్టు మీద ఓ పది నాటుకుంటే ఎవరేమంటారు? గింజ మాత్రం తాజాది వెయ్యాలి, పెంకు గట్టిది, ఏడాది నిలవ గింజ మొలవదు. బెర్రీ అంటే కాఫీ ఉండనే ఉంది.

గచ్చిబౌలి_రైతు | ఆగస్టు 22

మేడమ్ కాఫీ బెర్రీ కాదండి, బోటనీ ప్రకారం డ్రూప్, మామిడికాయలాగా. స్ట్రాబెర్రీ కూడా అసలు బెర్రీ కాదు. టమాటా బెర్రీ.

మిరియాల_మేడమ్ | ఆగస్టు 22

బాబూ మా కాఫీ పండుని తొలిచే పురుగుని బెర్రీ బోరర్ అంటారు, 2025 లో అరకు వైపు కనిపించి అందర్నీ హడలగొట్టింది. దానికి ఈ బోటనీ ఎవరూ చెప్పలేదు.

మిరియాల_మేడమ్ | ఆగస్టు 22

అసలు చెప్పాలనుకున్నది మర్చిపోయాను, మందు మొక్క. మోడి. పేరు చూసి రాజకీయం మొదలెట్టకండి, పిప్పలి తీగ వేరుని మా దగ్గర మోడి అంటారు. మిగతా చోట్ల పిప్పళ్ల కాయ కోసం వేస్తారు, మన చింతపల్లి, పాడేరు కొండల్లో వేరు కోసం వేస్తారు, ఇది పెద్దల నాటి పంట, ఏ కంపెనీ వచ్చి నేర్పింది కాదు. తొలకరికి మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్కలు నాటితే చాలు, పలచని నీడ కావాలి, కాఫీ తోట అంచు దానికి చక్కగా సరిపోతుంది. ఏడాదిన్నర దాటాక వేరు తవ్వుతారు, కడిగి, రెండంగుళాల ముక్కలు కోసి, ఎండబెట్టి, లావు వేరు వేరే, సన్నవి వేరే, కింది కాండం ముక్కలు వేరే. కలిపి తీసుకెళ్తే అన్నిటికీ సన్నవాటి రేటే కడతారు. ఎండింది ఏళ్లపాటు చెడదు, స్ట్రాబెర్రీలా రెండో రోజుకి ఏడిపించదు, రేటు లేనప్పుడు అటక మీద పడేస్తే సరి. మా అత్తగారు పిల్లల పెళ్లిళ్లకి డబ్బు అలాగే దాచారు, అటక మీద గోనెసంచుల్లో.

కెరమెరి_పోరడు | ఆగస్టు 23

మందు మొక్కలంటే నాకు భయం మేడమ్. మా బావ 2004 ల సఫేద్ ముస్లీ వెట్టిండు, విత్తన గడ్డలు కంపెనీయే అమ్మింది, మేమే కొంటం అని బాండు పేపర్ రాసిచ్చింది, గడ్డ తవ్వి తొక్క తీసి ఎండవెట్టి పోతే ఆఫీసుకు తాళం. ఆ బాండు పేపర్ ఇంక ఉన్నది, మా అక్క బీరువల కింద పరిచింది.

పాత_పంతులు | ఆగస్టు 23

మేడమ్ చెప్పిన మోడికీ, బావగారి ముస్లీకీ తేడా అక్కడే ఉంది. ముస్లీలో కొనేవాడూ అమ్మేవాడూ ఒక్కడే, వాడి లాభం విత్తనంలోనే వచ్చేసింది, పంట వాడికి అక్కర్లేదు. మోడికి సంతలో పది మంది కొంటారు. చిన్నోడూ, ఏ మందు మొక్కయినా వేసే ముందు సంతకి వెళ్లి, ఇది నా దగ్గర ఉంది ఎంతకి తీసుకుంటావు అని నలుగురిని అడుగు, నలుగురూ పేరు గుర్తుపట్టకపోతే వెయ్యకు. జీసీసీ డిపోలో కూడా అడుగు, గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కరక్కాయ, తేనె, చింతపండు కొంటున్నదే, వాళ్ల జాబితాలో ఏముందో చూడు. ఇంకో జాగ్రత్త, పాతాళగరుడి (సర్పగంధి) లాంటివి అడవి నుంచి తవ్వి తెస్తే కేసు, నీ పొలంలో వేసినా అమ్మేటప్పుడు ఇది సాగు చేసిందే అని కాగితం అడుగుతారు, అటవీశాఖ వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

గెడ్డ పక్కన నీరు నిలిచే పల్లం ఏమన్నా ఉంటే వస కొమ్ములు వెయ్యొచ్చు, వరిలాగే దమ్ము చేసిన మడిలో పెరుగుతుంది. వరి పోయే మడిలో కూడా పోదు.

యాష్‌విల్_వదిన | ఆగస్టు 23

మా కొండల్లో జిన్సెంగ్ కథ కూడా అచ్చు మోడిలాంటిదే. అడవి నీడలో నాటి ఐదేళ్లు, పదేళ్లు మర్చిపోవాలి, తర్వాత వేరు తవ్వుతారు. ఇక్కడ దొంగల బెడద, వేరు పెద్దదయ్యే టైముకి ఎవడో వచ్చి తవ్వుకుపోతాడు. మీకూ అలాంటిదేమన్నా ఉందా మేడమ్?

మిరియాల_మేడమ్ | ఆగస్టు 24

మనుషులు కాదండి, అడవి పందులు.

నిర్వాహకుడు | ఆగస్టు 24

థ్రెడ్‌లో ఒకరు నర్సరీ పేరు, ఓనర్ ఫోన్ నంబర్ పెట్టి తిట్టారు, ఆ పోస్టు తీసేశాను. ఎవరి నంబర్లూ ఇక్కడ పెట్టొద్దు. చిన్నోడూ, ఏం చేశావో మళ్లీ వచ్చి చెప్పు, ఇక్కడ ప్రశ్న అడిగి మాయమైపోయేవాళ్లే ఎక్కువ.

చలికొండ_చిన్నోడు | జనవరి 27

వచ్చానండి, మాయమవ్వలేదు, కాఫీ కోతల్లో పడిపోయాను.

ముందు థర్మామీటర్ సంగతి. డిసెంబర్ 1 నుంచి జనవరి 20 దాకా రోజూ రాత్రి పదికి, తెల్లారి నాలుక్కి, ఏడుకి, మళ్లీ పదికి రాశాను, నాలుగింటికి నేను లేవలేకపోతే అమ్మ చూసి బొగ్గుతో గోడ మీద రాసేది. అన్నిటికంటే తక్కువ 4. 7 లోపు పోయిన రాత్రులు 19 మాత్రమే, అదీ నాలుగైదు గంటలు, మొత్తం కూడితే 85 గంటలు కూడా లేదు. పంతులుగారూ మీరు 200 అన్నారు, అది కూడా మీరు నా మీద ప్రేమతో అన్నది. బ్లూబెర్రీ ఆలోచన పూర్తిగా మానేశాను, మట్టి పరీక్షలో పీహెచ్ 6 వచ్చింది, అదీ కారణమే.

స్ట్రాబెర్రీ పది సెంట్లు వేశాను, సత్తన్నే వాళ్ల లోడులో నాకు 2000 మొక్కలు తెప్పించాడు, దారి ఖర్చుతో కలిపి 24 వేలు. 300 దాకా మొదటి పది రోజుల్లోనే పోయాయి, అక్టోబర్‌లో తుఫాను వాన పట్టుకుంది, బెడ్ ఎత్తు చాల్లేదు. మిగతావి నిలిచాయి. మొదటి పువ్వు తుంచమన్నారు కదా, రెండు వరసలు తుంచబుద్ధి కాక వదిలేశాను, ఇప్పుడు ఆ రెండు వరసలూ వేలెడు కాయలు, పక్క వరసలు బొటనవేలంత. మంచి కాయ వస్తోంది కానీ మా ఊరికి టూరిస్టులు రారు కదా, పొద్దున్నే కోసి బండి మీద పైకి తీసుకెళ్లి రోడ్డు పక్క అమ్ముతున్నా, ఇప్పటిదాకా 21 వేలు వచ్చింది, షీటు, డ్రిప్పు ఖర్చు ఇంకా పూడలేదు. మార్చి దాకా కాస్తే బయటపడతాను.

మోడి తీగ ముక్కలు వానాకాలంలోనే మా మేనత్త ఊరి నుంచి తెచ్చి కాఫీ అంచున పెట్టాం, తీగ పాకింది. నాలుగు సారపప్పు మొలకలు కూడా ఉన్నాయి, 50 గింజలు వేస్తే నాలుగు, మేడమ్ తాజా గింజ అన్నారు కానీ నాకు దొరికింది పోయిన మే నెలది.

అక్రోట్ 15 లో 11 బతికే ఉన్నాయి. రెండు ఇంటి వెనక పాతాం, మిగతా తొమ్మిదీ అడిగినోళ్లకి ఇచ్చేశాను. అమ్మ వాటికి బట్టలు ఉతికిన నీళ్లు పోస్తోంది, ఆకు రాల్చమంటే రాల్చవు, సగం పచ్చగా సగం ఎండి నిలబడ్డాయి.

పాత_పంతులు | జనవరి 27

సబ్బు నీళ్లు పొయ్యకండమ్మా అని చెప్పు. గోడ మీద లెక్కలు చెరపకండి, ఫొటో తీసి పెట్టు, వచ్చే ఏడు డిసెంబర్‌వి పక్కనే రాయండి.

ఫౌజీ_సిక్కోలు | జనవరి 28

బ్రదర్ ఆ సగం పచ్చగా సగం ఎండి నిలబడడమే చలి చాలకపోవడం. నిద్రపట్టని మనిషిలా.

ఎర్రపళ్ల_సత్తి | జనవరి 28

చిన్నోడూ రోడ్డు పక్క అమ్మేటప్పుడు ఎండలో పెట్టకు, తడి గోనె కప్పు. వచ్చే సెప్టెంబర్ లోడుకి నీకు ఎన్ని కావాలో సంతలో కనపడినప్పుడు చెప్పు, ఈసారి నలుగురం కలిసి ఒకే బండి మాట్లాడితే దారి ఖర్చు సగం. బెడ్డు మాత్రం మోకాలు ఎత్తు కట్టు.

చలికొండ_చిన్నోడు | జనవరి 28

నాలుగు వేలు రాసుకో అన్నా. వెయ్యి మా చెల్లికి, తను డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉంది, ఈ గోడ లెక్కలు చూసి తనే అడిగింది.